చూడ్డానికి వెళ్తోందండి

నా ప్రసంగాన్ని ఎంపిక చేశామన్న మెయిల్ వచ్చినప్పుడు నేను బెండకాయలు తరుగుతున్నాను. జిగురు వేళ్ళతోనే ఫోను తెరిచి చదివాను. చదివి, ఫోను బోర్లించి, మిగిలిన కాయలు కూడా తరిగేశాను. పాప నా కాళ్ళ దగ్గర కూర్చుని తొడిమలు ఏరి గిన్నెలో వేస్తోంది. ఆ వార్త చెప్పుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. మా ఆయన సముద్రంలో ఉన్నారు. ఆయన ఉద్యోగం నడిసముద్రంలో గ్యాసు తీసే రిగ్గు మీద. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. అక్కడున్నప్పుడు ఆయన చేస్తేనే ఫోను, నేను చేస్తే కలవదు.

నేను అమలాపురంలో అద్దె ఇంటి మేడ మీద కూర్చుని ఒక చిన్న కంపెనీకి పనిచేస్తాను. రొయ్యల చెరువుల్లో ప్రాణవాయువు తగ్గినా, గాలి కొట్టే యంత్రాలకి కరెంటు పోయినా రైతు ఫోను మోగేలా ఒక పరికరం తయారుచేసింది ఆ కంపెనీ. అల్లవరం దాటి సముద్రం వైపు వెళితే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. నెట్ లేని వేళల్లో చెరువు దగ్గర కొలిచిన లెక్కలన్నీ దాచిపెట్టి, నెట్ వచ్చాక ఒక్కటీ పోకుండా పంపే ప్రోగ్రాం నేను రాశాను. పాప కడుపులో ఉన్నప్పుడు మొదలుపెట్టి, అది పాకే రోజుల్లో ముగించాను. నాతో పనిచేసేవాళ్ళెవరినీ నేను ఎదురుగా చూడలేదు. వాళ్ళు నాకు తెర మీద చిన్న చిన్న గళ్ళు. వాళ్ళకి నేనూ ఒక గడి. పాప ఏడిస్తే ఆ గడిలో కెమెరా ఆపేసి మాట్లాడతాను.

ఆ ప్రోగ్రాం గురించి నేను మాట్లాడవలసిన సదస్సు గల్ఫ్‌లో ఒక నగరంలో. ప్రసంగించే వాళ్ళందరికీ కలిపి ఒక మెయిల్ గుంపు పెట్టారు. ఆ రోజుల్లో అటువైపు దేశాల మధ్య గొడవలు నడుస్తున్నాయి. విమానాలు దారి మార్చుకుంటున్నాయని వార్తల్లో చెబుతున్నారు. గుంపులో రోజూ అదే చర్చ. అక్కడికి వెళ్ళడం క్షేమమేనా, విమానాశ్రయంలో మన లాప్‌టాప్ తెరిచి చూస్తారా, ఆడవాళ్ళు ఒంటరిగా టాక్సీ ఎక్కవచ్చా. ఒకరు మానుకున్నానని రాస్తే మర్నాటికి ఇంకో ఇద్దరు మానుకునేవారు. రాలేనివాళ్ళు ఇంటి నుంచే వీడియోలో మాట్లాడవచ్చని నిర్వాహకులు రాశారు. మా కంపెనీ వాళ్ళు ప్రయాణ భద్రత మీద ఒక పాఠం పంపి, చివర్లో ప్రశ్నలిచ్చారు. గది నంబరు పైకి చెప్పకూడదు. గ్లాసు టేబులు మీద వదిలి పక్కకి వెళ్ళకూడదు. అన్నింటికీ సరైన జవాబులు పెట్టి, ఉత్తీర్ణురాలివని వచ్చిన కాగితం చూసి నాలో నేనే నవ్వుకున్నాను. మా పేటలో ఇల్లు విడిచి ఇల్లు ఎవరో ఒకరు ఆ నగరంలోనో దాని పక్క నగరంలోనో ఉన్నారు. వంటకి, పిల్లల్ని ఎత్తడానికి, కారు నడపడానికి వెళ్ళినవాళ్ళు. వాళ్ళెవరికీ ఎవరూ ఏ పాఠమూ పంపలేదు.

నాకు భయం లేదని కాదు. నా భయం ఆ గుంపులో ఎవరూ రాయనిది. వెళ్ళాక తిరిగి రావడం నా చేతుల్లో లేకుండా పోతుందేమోనని. నేను మూడో తరగతిలో ఉండగా మా అమ్మ గల్ఫ్ వెళ్ళింది. రెండేళ్ళు అన్నారు. నేను పదో తరగతి పరీక్షలు రాస్తుండగా వచ్చింది. మధ్యలో ఒక్కసారి, మా నాన్న పోయినప్పుడు వచ్చి వెళ్ళింది. అప్పుడు నేను అమ్మమ్మ వెనక నిలబడి ఆవిణ్ణి చూశాను గానీ దగ్గరికి వెళ్ళలేదు.

వీడియోలో మాట్లాడేస్తే ఏ గొడవా లేదు. పాపను పడుకోబెట్టి, తలుపేసుకుని, గడిలో కూర్చుని చెప్పేయవచ్చు. మా ఆయన కూడా ఫోన్లో అదే అన్నారు.

“అంత దూరం ఎందుకు, అక్కడ కూర్చుని చెప్పినా ఇక్కడ కూర్చుని చెప్పినా మాట ఒకటే కదా.”

“మాట ఒకటేనండి,” అన్నాను.

ఒక గదిలో, మనుషుల ఎదురుగా, కాళ్ళ మీద నిలబడి, ఇది నేను రాశాను అని ఒక్కసారి చెప్పాలని ఉంది. ఇలా కాగితం మీద రాసినంత తేలిగ్గా ఫోన్లో రాలేదు. రోజంతా పాపతో తప్ప ఎవరితోనూ మాట్లాడనివాళ్ళకి అలాంటి కోరిక ఎంత పెద్దదవుతుందో ఆయనకి ఎలా చెప్పను.

వెళ్ళాలంటే పాప దగ్గర ఎవరైనా ఉండాలి. ఉండగలిగింది మా అమ్మ ఒక్కతే.

ఆదివారం ఆరాధన అయ్యాక రాజోలు దగ్గర మా అమ్మ ఇంటికి వెళ్ళాను. గల్ఫ్ డబ్బుతో వేసిన రెండు గదుల డాబా. పెరట్లో కూర్చుని చేపలు కడుగుతోంది. నేను నగరం పేరు చెప్పగానే చెయ్యి ఆగింది.

“వద్దులే,” అంది.

“నాలుగు రోజులేనమ్మా.”

“నాక్కూడా రెండేళ్ళే అన్నారు.”

“ఇది మీటింగమ్మా. హోటల్లో ఉంటాను. టిక్కెట్టు కూడా వాళ్ళే ఇస్తారు, రానూపోనూ.”

“నాకూ ఇచ్చేరు టిక్కెట్టు.” చేప తిప్పి రెండోవైపు పొలుసు గీకింది. “గదిలో ఇంకెవరుంటారు?”

“నేనొక్కదాన్నే.”

“తాళం నీ దగ్గరే ఉంటదా, ఇంకెవరి దగ్గరైనా రెండోది ఉంటదా?”

“హోటలోళ్ళ దగ్గర ఉంటుంది కదా.”

“అదిగో,” అంది, అదే తన వాదనంతా అయినట్టు. ఇక ఎంత చెప్పినా ఆ విషయం మాట్లాడలేదు. పాపకి ముళ్ళు తీసి చేప తినిపించింది. సాయంత్రం బస్సెక్కిస్తూ, “జీతమిచ్చేవాళ్ళకి ఇంట్లో వీలు కాదని చెప్పెయ్యి, ఏమనుకోరు,” అంది.

చెప్పేద్దామనే అనుకున్నాను. మెయిల్ కూడా రాసి పెట్టుకున్నాను. ఇంకా పంపకముందే ఒక పొద్దున్న మా అమ్మ సంచి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. సంచిలో బట్టలు, బైబిలు, పాపకి మినపసున్ని ఉన్నాయి.

“వెళ్ళిరా. నేనుంటాను.”

“నువ్వే కదా వద్దన్నావు.”

“ఆపితే ఆగుతావు, నాకు తెలుసు. ఆగి, నేను ముసలిదాన్నయ్యేదాకా దెప్పుతావు. ఆ బాధ పడలేను బాబూ. పాత లంగా ఒకటి ఇటియ్యి.”

లంగాకి లోపలి వైపు జేబు కుట్టింది. పాస్‌పోర్టు సరిగ్గా పట్టేంత. కుడుతూ, నా వైపు చూడకుండా చెప్పుకుంటూ పోయింది. పాస్‌పోర్టు ఎవరడిగినా చేతికివ్వకు, చూపించి దాచుకో. నా నంబరు ఫోన్లో ఉంటే చాలదు, కాగితం మీద రాసి జేబులో పెట్టుకో, ఫోను లాగేసుకుంటే ఏం చేస్తావ్. లోపల గడియ పెట్టుకున్నా దానికి అడ్డంగా కుర్చీ వేసుకో. ఎవరైనా తలుపు కొట్టి నీ పేరు పెట్టి పిలిచినా పలక్కు.

“ఏడుపొస్తే బాత్రూములో నీళ్ళు వదిలి ఏడువు,” అంది, దారం పళ్ళతో తెంపుతూ. “చప్పుడు బయటికి పోదు.”

నేను లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. తెర మీద కంపెనీ వాళ్ళ భద్రతా పాఠం ఇంకా తెరిచే ఉంది. మా అమ్మ అక్కడున్న ఏడేళ్ళ గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. ఎవరైనా అడిగితే, మంచివాళ్ళేనండి, బాగా చూసేరండి అనేది. ఆ మధ్యాహ్నం కూడా అంతకు మించి ఏమీ చెప్పలేదు. నేను అడగనూ లేదు. అడిగితే కుట్టడం ఆపేస్తుందేమో అనిపించింది.

బయలుదేరే రోజు పాప నిద్ర లేవకముందే ఇల్లు దాటమంది. అది మా అమ్మ పద్ధతి. తనూ అలాగే వెళ్ళింది. నేను వినలేదు. పాపను లేపి, ముద్దు పెట్టుకుని, విమానమెక్కి వెళ్ళి వస్తానని చెప్పాను. పాప, “సరే, టాటా,” అని మళ్ళీ పడుకుంది. అంతే. ఏడుస్తుందనుకుని ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ అవసరం పడలేదు.

బస్సులో విమానాశ్రయమున్న పెద్ద ఊరు చేరి, అక్కడ అన్ని వరసలూ దాటి, పాస్‌పోర్టు మీద ముద్రవేసే కౌంటరు దగ్గరికి వచ్చాను. ముందున్న వాళ్ళందరినీ గబగబా పంపిస్తున్న అధికారి నా పాస్‌పోర్టు దగ్గర ఆగాడు. నేను ఇంటర్ చదివేటప్పుడు అమలాపురంలో ఒక ట్రావెల్స్ ఆయన చేయించిన పాస్‌పోర్టు అది. పదో తరగతి సర్టిఫికెట్ జతచెయ్యాలని ఆయన చెప్పలేదు, నాకు తెలియదు. మా వైపు ఆడవాళ్ళందరికీ చేసినట్టే చేసేశాడు. అందుకని దాని మీద, ఈ మనిషి పనికోసం విదేశం వెళుతుంటే ముందు ప్రభుత్వం విచారించాలి అని అర్థం వచ్చే గుర్తు ఉంది. డిగ్రీ చదివినా, ఉద్యోగం వచ్చినా ఆ గుర్తు అలాగే ఉండిపోయింది.

“ఏ ఊరమ్మా?”

“అమలాపురం అండి.”

ఆయన తలెత్తి నన్ను మొదటిసారి పూర్తిగా చూశాడు. కాటన్ చీర, జడ, భుజాన బరువైన సంచి.

“ఎందుకెళ్తున్నావు?”

“టెక్నికల్ కాన్ఫరెన్సుకండి. మాట్లాడ్డానికి.”

“ఎవరితో?”

“హాల్లో ఉన్నవాళ్ళతో అండి. అందరితోనూ.”

పక్క కౌంటరు ఆయన ఇటు చూసి నవ్వాడు. ఆహ్వానం ఫోన్లో చూపించాను. ఇలాంటివి రోజూ వంద చూస్తామమ్మా, ఎవరైనా తయారుచేసి ఇస్తారు, అన్నాడు. కటువుగా అనలేదు, విసుగ్గా అన్నాడు.

“పెళ్ళయిందా?”

“అయిందండి. ఒక పాప.”

“పాప ఎక్కడ?”

“మా అమ్మ దగ్గరండి.”

“భర్త?”

“సముద్రంలో ఉన్నారండి.”

అన్నాకే ఆ మాట ఎలా వినిపిస్తుందో అర్థమైంది. రిగ్గు గురించి వివరించబోయాను. ఫోను చెయ్యమన్నాడు. కలవదండి, ఆయన చేస్తేనే, అన్నాను. నేను చెప్పే ప్రతి నిజమూ అబద్ధంలా ఉంది.

“ఇంట్లో మీ అమ్మగారికి చెయ్యి. స్పీకరు పెట్టు. నువ్వు మాట్లాడకు.”

నాకు ప్రాణం లేచొచ్చింది. మా అమ్మకి అన్నీ తెలుసు. మీటింగని చెబుతుంది, అయిపోతుంది. ఫోను ఎత్తింది. వెనక పాప ఏదో గిన్నె కొడుతున్న చప్పుడు.

“అమ్మా, ఎయిర్‌పోర్టు నుంచి మాట్లాడుతున్నాం. మీ అమ్మాయి ఎందుకెళ్తోంది?”

అటువైపు గిన్నె చప్పుడు ఆగిపోయింది. మా అమ్మ పాప చెయ్యి పట్టుకుని ఉంటుంది.

“చూడ్డానికి వెళ్తోందండి.”

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. సన్నగా, వినయంగా, పాఠం అప్పజెప్పే పిల్లలా ఉంది.

“ఏం చూడ్డానికి?”

“ఊరు చూడ్డానికండి. చుట్టాలున్నారండి అక్కడ. పనికి కాదండి. పనేమీ లేదండి. చూసేసి వచ్చేస్తదండి. ఆయ్.”

“ఎవరమ్మా ఆ చుట్టాలు?”

“మా అక్కగారండి.”

మా అమ్మకి అక్క లేదు. “అమ్మా, మీటింగని చెప్పు,” అన్నాను, ఉండబట్టలేక. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, ఫోను కట్ చేయమన్నాడు.

“నువ్వు మీటింగంటావు, మీ అమ్మ చుట్టాలంటుంది. ముందు ఇద్దరూ ఒక మాట అనుకోవలసింది. పక్కన కూర్చో.”

పక్కన గోడవారగా కుర్చీల వరస. నాకంటే ముందే కొందరు ఆడవాళ్ళు అక్కడ కూర్చుని ఉన్నారు. ఒక్కరూ మాట్లాడుకోవడం లేదు. నేను కూర్చున్న కుర్చీ పక్కన నా వయసు అమ్మాయి, కొత్త చెప్పులు, ఒళ్ళో జిప్పు పాడై తాడుతో కట్టిన సంచి. కాసేపటికి నా వైపు వంగింది.

“మీదే ఊరండి?”

చెప్పాను.

“మాది మామిడికుదురు దగ్గరండి.” గొంతు తగ్గించింది. “ఏం చెప్పేరండి మీరు?”

“మీటింగని.”

“అయ్యో, ఎవరు నేర్పేరండి అలాగ? చూడ్డానికి అని చెప్పాలండి. మా ఏజెంటుగారు కూర్చోబెట్టి పదే పదే చెప్పించేరు. పని అన్న మాటే నోట్లోంచి రాకూడదంట. ఇంటికి ఫోన్ చేసినా ఇంట్లోవాళ్ళు కూడా అదే చెప్పాలంట. మా అత్తగారికి కూడా నేర్పించేరు.”

“మరి మీరు అదే చెప్పారా?”

“చెప్పేనండి. ఏం చూస్తావు అనడిగేరు. అది నేర్పలేదండి.”

తనే చిన్నగా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఫోన్లో విన్న ఆ గొంతు ఎక్కడిదో అప్పుడు తెలిసింది. పద్దెనిమిదేళ్ళ కింద ఎవరో ఏజెంటు మా అమ్మని ఇలాగే కూర్చోబెట్టి చెప్పించి ఉంటాడు. విమానాశ్రయం వాళ్ళు అడగ్గానే ఆ మాటలు అలాగే, ఒక్కటి కూడా పోకుండా బయటికి వచ్చాయి. మీటింగని తను నిజం చెబితే నన్ను ఆపేస్తారని మా అమ్మ భయపడింది. నన్ను గట్టెక్కించడానికి తనకు తెలిసిన ఒకే దారి పట్టుకుంది.

“నిజానికి మీకేం పని కుదిరిందండి? ఇల్లా, ఆసుపత్రా?” అడిగింది ఆ అమ్మాయి.

“నిజంగానే మీటింగండి.”

“ఆయ్, అలాగేనండి,” అని నా చేతి మీద తట్టింది. నమ్మలేదు. నన్ను ఓదార్చింది.

విమానం పిలుపు మొదలైంది. నా విమానం పేరు పైన వినిపిస్తోంది. ఎవరూ మా వైపు రావడం లేదు. మానేస్తే మాత్రం ఏం పోయింది, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోతే పాప సంతోషిస్తుంది, అని మనసులో అనుకుంటున్నాను గానీ ప్రతి పిలుపుకీ కుర్చీలో ముందుకి జరుగుతున్నాను. వెనక్కి పంపితే ఇంక ఏ మెయిలుకీ నేను సరే అని రాయనని నాకు తెలుసు. నా గడిలోకి నేను వెళ్ళిపోతాను, పాప పెద్దదయ్యేదాకా.

చివరికి ఇంకో అధికారి వచ్చాడు, పెద్దాయన. నా కాగితాలు చూసి, లాప్‌టాప్ తీయమన్నాడు. ప్రసంగం తెరిచాను. ఇంగ్లీషులో అడిగాడు, ఇంగ్లీషులో చెప్పాను. నెట్ పోతే లెక్కలు ఎక్కడ దాగుతాయి, ఎలా తిరిగి వెళతాయి. అలా చెబుతున్నప్పుడు నా గొంతు మామూలుగా అయిపోయింది. మూడో పేజీలో అల్లవరం చెరువు ఫొటో ఉంది.

“రొయ్యల చెరువు కదా ఇది?” అన్నాడు తెలుగులో.

“అవునండి.”

“మా తోడల్లుడు నిండా మునిగాడు దీన్లో,” అని ముద్ర వేయించాడు. “ఈ గుర్తు తీయించుకోండి మేడమ్. సర్టిఫికెట్ ఇస్తే తీసేస్తారు.”

నువ్వు నుంచి మేడమ్ దాకా వచ్చాను, లాప్‌టాప్ మూత తెరిచినందుకు. సంచి తీసుకుంటుంటే పక్కనమ్మాయి నా వైపు చూసింది.

“వెళ్ళిరండి. ఆ మీటింగేదో మాకూ నేర్పిద్దురు గానీ.”

పెద్దాయన త్వరగా వెళ్ళమని చెయ్యి ఊపాడు. పరుగెత్తాను. ఆ అమ్మాయిని పంపారో, వెనక్కి పంపేశారో నాకు తెలియదు. వెనక్కి పంపడమే ఆమెకు మంచిదని చదువుకున్నవాళ్ళు అంటారు. నేనూ ఇంకెవరి గురించైనా అయితే అలాగే అనేదాన్ని.

సీట్లో కూర్చున్నాక మా అమ్మకి ఫోను చేశాను. ఒక్క మోతకే ఎత్తింది. “పంపేరమ్మా,” అన్నాను. “స్తోత్రం,” అంది. ఇంకేమీ అడగలేదు. ఫోను ఆపేయమంటున్నారు.

సదస్సు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పెద్ద హాలు, సగం కుర్చీలు ఖాళీ. మాట్లాడవలసిన వాళ్ళలో చాలామంది తెర మీదే కనిపించారు. రాలేదు. ఆకాశంలో ఏ గొడవా కనపడలేదు. బయట ఎండ, లోపల శాలువా కప్పుకోవలసినంత చలి. నా వంతు వచ్చినప్పుడు నిలబడి చెప్పాను. మొదటి పేజీ తెర వైపే చూస్తూ చదివాను. తర్వాత మాట సాగింది. చెరువు ఫొటో దగ్గర వెనక వరసలో ఎవరో ముందుకు వంగి చూశారు. అయ్యాక చప్పట్లు కొట్టారు. ఒకాయన మంచి ప్రశ్న అడిగాడు, నేను జవాబు చెప్పాను, ఆయన తలూపి రాసుకున్నాడు. నేను కోరుకున్నది అదే, అది జరిగింది.

మధ్యాహ్నం ప్లేటు పట్టుకుని ఒక స్తంభం పక్కన నిలబడి తిన్నాను. అందరూ గుంపులు గుంపులుగా తెలిసినవాళ్ళతో మాట్లాడుకుంటున్నారు. నా మెడలో కార్డు చూసి ఒకావిడ నవ్వింది, నేనూ నవ్వాను, ఆవిడ వెళ్ళిపోయింది. బాగా చెప్పావు అనే మాట మన భాషలో వినాలనిపించింది. గదికి వెళ్ళి వీడియో కాల్ చేశాను. మా అమ్మ ఫోను పాప ముఖం దగ్గర పెట్టింది. పాప నన్ను చూసి, “వద్దు,” అని పరుగెత్తి బీరువా పక్కకి దూరింది. “రావే, అమ్మ మాట్లాడతంది,” అని మా అమ్మ పిలుస్తోంది. ఫోను ఊగుతోంది, నాకు ఇంటి నేల, మంచం కాళ్ళు, పాప పాదాలు కనిపిస్తున్నాయి.

మా చిన్నప్పుడు ఫోను ఎదురింటి వాళ్ళకి ఉండేది. అమ్మ ఫోను వచ్చిందని వాళ్ళు కేకేస్తే అమ్మమ్మ పరుగెత్తేది. నేను బియ్యం డ్రమ్ము వెనక దాక్కునేదాన్ని. రమ్మంటే వచ్చేదాన్ని కాదు. ఎందుకో అప్పుడూ తెలియదు. అటువైపు మా అమ్మ ఫోను పట్టుకుని ఎంతసేపు ఆగేదో, ఫోను డబ్బులు అయిపోయేదాకా ఆగేదో, ఆ గదిలో నిలబడ్డాక మొదటిసారి ఆలోచించాను. కుర్చీ తలుపుకి అడ్డంగా జరిపాను. అది బరువైనది, నేల మీద గీతపడింది. ఆ తర్వాత స్నానాల గదిలో కుళాయి తిప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటికి వస్తున్న ఆడదాన్ని ఎవరూ ఆపరు. మెట్ల మీద పాప నన్ను చూసి మా అమ్మ చీర వెనక్కి వెళ్ళింది. సాయంత్రానికి నా ఒళ్ళోకి వచ్చింది. అప్పటినుంచి నా చున్నీ వదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం పాప నా తొడ మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. మా అమ్మ ఎదురుగా కూర్చుని కొబ్బరి కోరుతోంది. ఊరికి వెళ్ళే ముందు పాపకి లౌజు చేసి పెట్టి వెళతానంది.

“ఆ రోజు ఎయిర్‌పోర్టోళ్ళు అడిగినప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదనుకో,” అంది. “అయినా గబుక్కున గుర్తొచ్చింది. చెప్పేసేను. మన చర్చిలో పాస్టరమ్మగారు కూడా అన్నారు, నువ్వుండబట్టి సరిపోయింది, ఇంకోళ్ళయితే తడబడేవాళ్ళు అని. సరిపోయింది కదా?”

ఎన్నో మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. గోడవార కుర్చీలు, లాప్‌టాప్, పెద్దాయన.

“సరిపోయిందమ్మా. నువ్వు చెప్పబట్టే పంపేరు.”

మా అమ్మ ముఖం విచ్చుకుంది. కోరడం వేగం పెరిగింది. ఆ సంతోషంలోనే కాబోలు, ఎప్పుడూ చెప్పనిది చెప్పింది.

“నేను వెళ్ళినప్పుడు నా తరపున ఎవరూ లేరు ఫోనెత్తడానికి. చూడ్డానికి అన్నాను, కౌంటర్లో ఆయన ఊరుకున్నాడు. అప్పుడు, పిల్లలున్నారా అనడిగేడు. ఉన్నారంటే పంపరని ఏజెంటు ముందే చెప్పేడు. లేరండి అన్నాను.”

కోరాం పక్కన పడ్డ కొబ్బరి తీసి గిన్నెలో వేసింది.

“అనేసేక ముద్రేసేడు. విమానం ఎక్కేదాకా, వెనక్కెళ్ళి ఉందండి, ఒక ఆడపిల్లండి, మూడో తరగతండి అని చెప్పేద్దామనే అనిపించింది. చెప్తే ఇంటికి పంపేసేవాళ్ళు.”

పాప నిద్రలో చున్నీ ఇంకాస్త లాక్కుంది.

“నిన్నడిగేరా పిల్లల గురించి?”

“అడిగేరు.”

“ఏమన్నావు?”

“ఒక పాప అన్నాను.”

కోరుతున్న చెయ్యి ఆగింది. మా అమ్మ నిద్రపోతున్న పాపను, తర్వాత నన్ను చూసింది.

“ఉందన్నా పంపేరా?” అంది.

“పంపేరమ్మా.”

చిప్పలో ఇంకా కొబ్బరి ఉండగానే కోరాం పక్కన పెట్టేసింది. ఆ తర్వాత కొబ్బరి గిన్నె తీసుకుని, పొయ్యి వెలిగించాలని లేచి లోపలికి వెళ్ళింది. ఆవిడ వెనకే వెళ్ళాలనిపించింది. కదిలితే పాప లేస్తుందని అక్కడే కూర్చుండిపోయాను.